రూపాయిగా ఉన్నంతసేపే

రాత్రి తొమ్మిది దాటింది. మన్ననూరు దగ్గర అడవిశాఖ చెక్‌పోస్టు గేటు పడిపోయింది. ఇక పొద్దున ఆరు దాకా నల్లమల దారిలో శ్రీశైలం వైపు బండి కదలదు. ఇటు అచ్చంపేటలో బస్టాండు చుట్టుపక్కల హోటళ్లు షట్టర్లు దించుతున్నాయి. మీరు ఇంటి ముందు గద్దె మీద కూర్చున్నారు. చేతిలో ఫోన్, ఫోన్‌లో వాలెట్ యాప్. నిన్న సాయంత్రం అందులో నాలుగు వేల పైచిలుకు యూఎస్‌డీటీ ఉంది, ఒక్కోటి డాలరు విలువ చేసే క్రిప్టో కాయిన్. రూపాయల్లో చెప్పుకుంటే మూడున్నర లక్షలు. ఇప్పుడు సున్నా.

తెరను కిందికి లాగి వదులుతారు. పేజీ తిరిగొస్తుంది. సున్నా. సిగ్నల్ సరిగా లేదేమోనని లేచి రోడ్డు మీదికి నడుస్తారు. అక్కడా సున్నాయే.

ఆ పైసలు ఎక్కడివో మీ ఒంటికి తెలుసు. యాసంగి పల్లికాయ. మార్కెట్ యార్డులో రాశి పోసి, వ్యాపారి గుప్పెడు కాయలు ఒలిచి గింజ చూసి ధర చెప్పేదాకా ఎండలో నిలబడి తెచ్చుకున్నవి. 2024–25 పంటకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. యార్డులో ఏ రోజు ఎంత పలుకుతుందన్నది వేరే కథ. 2024 ఫిబ్రవరిలో ధర పడగొట్టారని ఇదే యార్డులో రైతులు తిరగబడిన సంగతి అచ్చంపేటలో ఎవరూ మరిచిపోలేదు. క్వింటాలుకు వంద తగ్గితే ఊరుకోని మనుషులు మీరు. అలాంటిది ఇంటి తాళం పగలకుండా, ఓటీపీ ఎవరికీ చెప్పకుండా, ఇంత డబ్బు ఎట్లా పోయింది?

మీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఈ దారిలో నష్టపోయిన ఎందరి అనుభవాలనో ఒకచోట చేరిస్తే మీరు అవుతారు. రండి, కొన్ని వారాలు వెనక్కి పోదాం.

పెండ్లి విందులో మీ షడ్డకుడు పక్కన కూర్చున్నాడు. ఫోన్ తీసి చూపించాడు. రోజూ పొద్దున డబ్బు పడుతోంది. పది డాలర్లు, పన్నెండు డాలర్లు.

“ఇది ఎవరికో ఇచ్చుడు కాదే అన్నా. మన వాలెట్ల మన పైసలు మనతాన్నే ఉంటయ్. రోజుకు నూటికి రెండు రూపాయలు.”

ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు. అది కూడా నోటు రాసి, జామీను పెట్టుకుని. ఇతను రోజుకు అంటున్నాడు. ఆ క్షణంలో లెక్క వేసి ఉంటే తెలిసేది: రోజుకు రెండు చొప్పున మిత్తికి మిత్తి కలుపుతూ పోతే లక్ష రూపాయలు ఏడాదిలో పదమూడు కోట్ల డెబ్బై లక్షలు దాటుతుంది. ఆ లెక్కన దేశంలో ఎవరూ నాగలి పట్టక్కర్లేదు. కానీ విందులో ఎవరు లెక్క వేస్తారు? చూపిస్తున్నది పరాయివాడు కాదు, మీ మరదలి భర్త.

మీరు తొందరపడలేదు. మీకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. పాన్‌కార్డు, ఆధార్ ఇచ్చి మన దేశపు ఎక్స్ఛేంజ్‌లోనే ఖాతా తెరిచారు. అక్కడ రూపాయలు పెట్టి యూఎస్‌డీటీ కొన్నారు. దాన్ని మీ సొంత వాలెట్‌లోకి పంపుకున్నారు. ఆ వాలెట్ పన్నెండు ఇంగ్లిష్ మాటలు ఇచ్చింది. అవి ఎవరికి దొరికినా వాలెట్ మొత్తం వాళ్లదే అవుతుందని హెచ్చరించింది కూడా. బిప్-39 అనే పద్ధతి ప్రకారం 2,048 మాటల జాబితా నుంచి ఏరిన పన్నెండు మాటలవి. మీరు వాటిని ఫోన్‌లో ఫొటో తీయలేదు. కాగితం మీద రాసి పట్టాదారు పాసుబుక్కు అట్టలో దాచారు. చాలామంది చేయని పని అది. మీరు చేశారు.

తర్వాత షడ్డకుడు మిమ్మల్ని తమ టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి లింక్ పంపాడు. వాలెట్ యాప్‌లోనే ఉండే బ్రౌజర్‌లో అతికించమన్నాడు. పేజీ తెరుచుకుంది. తెలుగు అక్షరాలు, పైకి ఎగబాకే గీతలు, తెలిసిన ఎక్స్ఛేంజ్ గుర్తులాంటి గుర్తు. పాస్‌వర్డ్ అడగలేదు, పన్నెండు మాటలూ అడగలేదు. “నోడ్‌లో చేరండి” అని ఒక్క బటన్. నొక్కారు. ఇంగ్లిష్‌లో చిన్న కిటికీ ఒకటి పైకి వచ్చింది. ఫీజుగా కొన్ని టీఆర్‌ఎక్స్ కాయిన్లు, కింద ఒప్పుకుంటున్నట్టు నీలం బటన్. దాన్నీ నొక్కారు.

దొంగతనం ఆ నొక్కుడులో జరిగిపోయింది. డబ్బు మాత్రం మూడు వారాలు ఆగి పోయింది.

ఆ చిన్న కిటికీలో రాసి ఉన్నది ఇది: ఫలానా చిరునామా నా వాలెట్‌లోని యూఎస్‌డీటీని, ఎంత ఉన్నా, ఎప్పుడైనా, నన్ను అడగకుండా తీసుకోవచ్చు. దీన్ని అప్రూవల్ అంటారు. ఇది నిజమైన సదుపాయమే. కాయిన్లు మార్చుకునే సక్రమమైన వేదికలు కూడా ఇలా అనుమతి తీసుకుంటాయి. మోసగాడు అదే సదుపాయాన్ని, పరిమితి లేని అంకెతో, తన చిరునామాకు రాయించుకుంటాడు. ఆ తర్వాత మీ పన్నెండు మాటలు పాసుబుక్కులో ఎంత భద్రంగా ఉన్నా లాభం లేదు. అనుమతి మీరే ఇచ్చారు కాబట్టి వాలెట్‌కు అది దొంగతనంలా కనిపించదు.

మరి మూడు వారాలు ఎందుకు ఆగాడు? మొదట మీరు వేసింది ఐదు వేల రూపాయలు. దాన్ని ఎత్తుకుంటే వాడికి వచ్చేది అంతే. అందుకే రోజూ కొన్ని డాలర్లు నిజంగానే మీ వాలెట్‌లోకి వేశాడు. ఒకసారి మీరు వెనక్కి అమ్మి రూపాయలు చేసుకుని, బ్యాంకులో పడ్డాయని నమ్మకం కుదుర్చుకున్నారు. పల్లికాయ పైసలు చేతికి రాగానే పెద్ద మొత్తం వేశారు. వాడు ఎదురుచూసింది దానికోసం.

ఇప్పుడు మళ్లీ గద్దె మీదికి రండి. తొమ్మిదిన్నర.

టెలిగ్రామ్‌లో “కస్టమర్ కేర్” మేడం వెంటనే పలికింది. చక్కటి తెలుగు. “సార్, కంగారు వద్దు. మీ మొత్తం పూల్‌లోకి వెళ్లింది. భద్రంగా ఉంది. విడుదల చేయాలంటే ప్రభుత్వ పన్ను లక్షా ఇరవై వేలు కట్టాలి. ఈ రాత్రి పన్నెండు దాటితే ఖాతా మూసేస్తారు.” మన దేశంలో క్రిప్టో లాభం మీద పన్ను ఉన్నమాట నిజం. ఆదాయపు పన్ను చట్టం కింద 30 శాతం. 2022 జూలై 1 నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. ఆ టీడీఎస్‌ను అమ్మకం సొమ్ములోంచే కోస్తారు, మిగతా పన్ను మీరు రిటర్నులో చూపి ఆదాయపు పన్ను శాఖకే కడతారు. మీ డబ్బు మీకిచ్చే ముందు ఏ వెబ్‌సైటూ వేరే రాష్ట్రంలోని ఎవరో వ్యాపారి బ్యాంకు ఖాతాకు పన్ను పంపమనదు. ఈ సంగతి ఆమెకు తెలుసు. ఈ రాత్రి మీకు గుర్తు రాదనీ తెలుసు.

తొమ్మిది యాభై రెండుకు అరవై వేలు పంపారు. మిగతా అరవై ఎక్కడ తేవాలా అని హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడికి ఫోన్ కలిపారు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాపం ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు.

“ఎందుకు మామా ఇంత రాత్రి అరవై వేలు?”

మీరు చెప్పడం మొదలుపెట్టారు. సగం కాకముందే ఆపేశాడు.

“మామా, ఇంకొక్క పైస పంపకు. నాతోని గూడ మాట్లాడకు. ఫోన్ పెట్టేసి 1930 కొట్టు. ఇప్పుడే. మిగతాది తర్వాత చూద్దాం.”

ఇక్కడ మీ చెయ్యి ఆగుతుంది. నాలుగు వేల డాలర్లు పోయిన మనిషికి మొదట కావాల్సింది ఆ నాలుగు వేలు. అరవై వేల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. మేడంతో ఇంకోసారి మాట్లాడితే, ఇంకో అరవై పంపితే మొత్తం వచ్చేస్తుందేమోనన్న ఆశ గొంతులో అడ్డం పడి ఉంది. ఈ వ్యాసమంతా ఈ ఒక్క క్షణం కోసమే రాస్తున్నాను. ఈ రాత్రి వెంటాడి పట్టుకోగలిగింది ఆ అరవై వేలనే.

రూపాయి బ్యాంకుల మధ్య నడిచినంతసేపు మన్ననూరు దారిలాంటి దారిలో ఉంటుంది. మధ్యలో గేటు ఉంది, వేసే మనిషి ఉన్నాడు. కబురు సమయానికి అందితే బండి ఆగుతుంది. అదే డబ్బు కాయిన్‌గా మారి గొలుసు (బ్లాక్‌చైన్) మీదికి ఎక్కిందంటే గేటు లేదు, కాపలా లేదు, రాత్రి లేదు. ఒకసారి ఖరారైన లావాదేవీని వెనక్కి తిప్పే అధికారం ఏ బ్యాంకుకూ, ఏ కోర్టుకూ, ఏ కంపెనీకీ లేదు.

పది పదికి 1930 మోగుతుంది. రాష్ట్రంలో ఎక్కడినుంచి చేసినా ఆ కాల్ తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకు పోతుంది. 2023లో హైదరాబాద్‌లో పెట్టిన విభాగం అది. అవతలి గొంతు తెలుగులోనే అడుగుతుంది. సానుభూతి మాటలు ఉండవు, ఉంటే ఆలస్యమవుతుంది.

“ఏ బ్యాంకు నుంచి పోయినయ్? ఎంత? ఎన్ని గంటలకు? యూటీఆర్ నంబర్ చెప్పండి.”

యూటీఆర్ ఏమిటో మీకు తెలియదు. డబ్బు పంపిన యాప్‌లో ఆ లావాదేవీని తెరిస్తే ఉండే పన్నెండంకెల నంబరు అది. స్పీకర్ పెట్టి, అదే ఫోన్‌లో వెతికి, అంకె అంకె చదువుతారు. గొంతు వణుకుతుంది. ఇంట్లోంచి మీ భార్య వచ్చి గడప దగ్గర నిలబడింది. ఏమీ అడగడం లేదు. అడగకపోవడమే మీకు ఎక్కువ కష్టంగా ఉంది.

అవతల జరిగేది ఇది. మీ ఫిర్యాదు కంప్యూటర్‌లో ఎక్కగానే ఆ అరవై వేలు చేరిన బ్యాంకుకు సమాచారం పోతుంది. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే అంతమేర నిలిపేస్తారు. అక్కడినుంచి ఇంకో ఖాతాకు దూకి ఉంటే ఆ బ్యాంకుకు, అక్కడా లేకపోతే ఆ తర్వాతి దానికి. మోసగాళ్లు అద్దెకు తీసుకున్న ఖాతాల గుండా డబ్బును నిమిషాల్లో ముక్కలు చేసి దాటిస్తారు. చివరి మెట్టు ఏటీఎం కావచ్చు, చెక్కు కావచ్చు, ఎక్కువసార్లు మళ్లీ యూఎస్‌డీటీయే. అందుకే మొదటి గంట. మీరు కాల్ చేసింది పద్దెనిమిది నిమిషాలకు. “రేపు పొద్దున బ్యాంకుకు పోయి అడుగుదాం” అనుకుని పడుకుని ఉంటే పన్నెండు గంటలయ్యేది.

ఫోన్‌కు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వచ్చింది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఆ నంబర్‌తో మిగతా వివరాలు నింపాలి. పేరు సరిగ్గా అదేనా అని ఒక్కొక్క అక్షరం చూడండి. ఈ పోర్టల్‌కు కూడా దొంగ నకళ్లు తిరుగుతుంటాయి. సెర్చ్‌లో పైన కనిపించిన ప్రకటనను నొక్కకుండా మీరే టైపు చేయండి. మీ బ్యాంకు హెల్ప్‌లైన్‌కూ చెప్పి ఖాతా నుంచి డబ్బు పోకుండా ఆపించండి.

ఇప్పుడు మేనల్లుడు మళ్లీ లైన్‌లోకి వచ్చాడు.

“మామా, టెలిగ్రామ్ గ్రూపుల నుంచి బయటికి రాకు. తిట్టకు. నీకు తెల్సినట్టు గూడ కనవడనియ్యకు. ఆమె పేరు, ఐడీ, మాట్లాడింది మొత్తం స్క్రీన్‌షాట్లు తియ్యి. ఇంకో ఫోన్‌తోని వీడియో గూడ తియ్యి. వాళ్లు రెండు దిక్కులా చాట్ తుడిపేస్తరు.”

తీస్తారు. లింక్ చిరునామా మొత్తం, తేదీ, సమయం, డబ్బు పంపిన ఖాతా నంబర్, వాళ్లిచ్చిన క్యూఆర్ కోడ్, అన్నీ. వాలెట్ యాప్ తీసెయ్యాలనిపిస్తుంది, ఆ సున్నాను చూడలేక. తీయొద్దు. అందులో డబ్బు బయటికి పోయిన లావాదేవీని తెరిస్తే అరవై నాలుగు అక్షరాల పొడవైన సంఖ్య ఉంటుంది. పోలీసులకు మీరిచ్చే వాటిలో అదే అన్నిటికన్నా విలువైన కాగితం.

మేనల్లుడు ఆ సంఖ్యను ట్రాన్‌స్కాన్‌లో వేశాడు. ట్రాన్ గొలుసు మీది ప్రతి లావాదేవీని ఎవరైనా చూడగలిగే బహిరంగ ఖాతాపుస్తకం అది. ఈ పుస్తకంలో ఎవరిదీ పేరుండదు, కానీ ఏదీ చెరగదు. వీడియో కాల్‌లో తన తెర చూపిస్తున్నాడు. మీ చిరునామా నుంచి నాలుగు వేలు ఒకచోటికి, అక్కడినుంచి మూడు ముక్కలై మూడు చోట్లకు. రెండు ముక్కలు ఇంకా కదులుతున్నాయి. మూడోది పెద్ద ఎక్స్ఛేంజ్ పేరు రాసి ఉన్న చిరునామా దగ్గర ఆగింది.

“ఈడ ఆగింది సూడు మామా. ఈ ఎక్స్ఛేంజ్‌ల వానికి ఖాతా ఉన్నట్టే. పోలీసోళ్లు రాస్తే వివరాలు ఇయ్యాలె, ఆపాలె. మనం రాస్తే వినరు.”

గొలుసు మీది డబ్బుకు మిగిలిన ఆశ ఇంతే. దొంగ ఎక్కడో ఒకచోట దాన్ని మళ్లీ మామూలు డబ్బు చేసుకోవాలి. అక్కడ అతని గుర్తింపు పత్రాలు ఉండొచ్చు. ఇంకొకటి, యూఎస్‌డీటీని విడుదల చేసే టెథర్ కంపెనీ దర్యాప్తు సంస్థలు కోరినప్పుడు కొన్ని చిరునామాల్లోని నిల్వను స్తంభింపజేస్తుంది. బిట్‌కాయిన్‌కు ఆ వీలు కూడా లేదు. ఇవి జరుగుతాయని మీకు మాట ఇవ్వలేను. ఫిర్యాదులో ఆ సంఖ్య లేకపోతే అసలు జరగవు.

ఇలా గొలుసు వెంట పోయిన కేసు మన దగ్గరే ఉంది. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల పెట్టుబడి మోసాన్ని బయటపెట్టారు. మొదలు టెలిగ్రామ్‌లో రేటింగులు ఇచ్చే పార్ట్‌టైమ్ పని. అందులో 28 లక్షలు పోగొట్టుకున్న ఒక నగరవాసి ఫిర్యాదు నుంచి కదిలితే, దేశమంతటా 15 వేల మందికి పైగా బాధితులు తేలారు. డబ్బు దుబాయ్ మీదుగా చైనాకు చేరింది. కొంత క్రిప్టోగా మారింది. అలా మారినదాంట్లో కొంత చేరిన వాలెట్‌కు లెబనాన్‌లోని హిజ్బుల్లాతో సంబంధం ఉందని పోలీసులు చెప్పారు. ఒక్క మనిషి సిగ్గుపడి ఇంట్లో కూర్చుని ఉంటే ఆ దారం దొరికేది కాదు.

మీకు నిద్ర పట్టదు. పన్నెండు దాటాక మేడం నుంచి వాయిస్ మెసేజ్. “సార్, మీకోసం మా మేనేజర్‌ను బతిమాలుకుంటున్నాను.” గొంతులో ఎక్కడో మన యాస. ఎక్కడి పిల్ల ఈమె?

ఆ ప్రశ్నకు ఒక జవాబు కంబోడియాలో ఉంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కంబోడియా పంపి, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, సొంత దేశపు మనుషులకే వల వేయించారు. సిరిసిల్ల యువకుడొకరు అలాగే చిక్కుకుని బయటపడ్డాడు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు పట్టణం మ్యావాడీ చుట్టూ ఉన్న ఇలాంటి కేంద్రాల నుంచి విడుదలైన ఐదొందల మందికి పైగా భారతీయులను ప్రభుత్వం విమానాల్లో తెచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మీతో మాట్లాడుతున్న మనిషి దొంగే కావచ్చు. దెబ్బలకు భయపడి రాసిచ్చింది చదువుతున్న పాలమూరు పిల్లే కావచ్చు. బొంబాయికి, పుణెకు మట్టి పనికి పోయినవాళ్ల జిల్లా ఇది. వలస పోయినవాడిని ఎవడెవడు ఎట్లా మోసం చేస్తాడో ఇక్కడ ముసలివాళ్లను అడిగితే చెబుతారు. వాయిస్ మెసేజ్‌ను కూడా దాచిపెట్టండి. జవాబు ఇవ్వకండి.

పొద్దున ఏడు. పోలీస్ స్టేషన్‌కు పోయే ముందు ఇంకో పని మిగిలి ఉంది. వాలెట్‌లో సున్నా ఉన్నా మీరిచ్చిన అనుమతి ఇంకా బతికే ఉంది. ఏ ఎక్స్ఛేంజ్ నుంచైనా, ఎవరైనా మీకు ఇంకో వంద డాలర్లు పంపితే అవీ పోతాయి. ట్రాన్‌స్కాన్‌లోనే అప్రూవల్స్ అనే పేజీ ఉంటుంది. అందులో మీ వాలెట్ ఎవరెవరికి ఎంత తీసుకునే అనుమతి ఇచ్చిందో కనిపిస్తుంది. ఒక చిరునామా ఎదురుగా అన్‌లిమిటెడ్ అని ఉంది. దాన్ని రద్దు చేయాలంటే కొద్దిగా టీఆర్‌ఎక్స్ ఫీజు కావాలి. రద్దు చేస్తారు. ఇథీరియమ్ గొలుసు మీద వాలెట్ ఉన్నవాళ్లకు ఈథర్‌స్కాన్‌లో ఇలాంటి పేజీయే ఉంది.

ఈ రద్దు పనిచేసేది అనుమతి మాత్రమే ఇచ్చినప్పుడు. పన్నెండు మాటలను ఏదైనా సైటులో టైపు చేసి ఉంటే, స్క్రీన్ షేర్ చేస్తూ చూపించి ఉంటే, ప్లేస్టోర్‌లో లేని ఏపీకే ఫైలును ఫోన్‌లో ఎక్కించుకుని ఉంటే రద్దుతో ఒరిగేది లేదు. ఆ వాలెట్ ఇక మీది కాదు. శుభ్రమైన వేరే ఫోన్‌లో కొత్త వాలెట్, కొత్త పన్నెండు మాటలు, మిగిలిందేదైనా ఉంటే వెంటనే అక్కడికి మార్చడం. పాతదానికి ఎన్నటికీ తిరిగి పోకూడదు.

“ఎక్స్ఛేంజ్‌లనే ఉంచుకుంటే అయిపోవు గదా” అని మీకు మీరే అనుకుంటారు. కొంతవరకు నిజమే. 2023 మార్చి నుంచి మన దేశంలో ఎక్స్ఛేంజ్‌లు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. మీ ముందున్న సైటుకు ఆ నమోదు ఉందో లేదో చూడటం మొదటి మెట్టు. కానీ నమోదు ఉంటే డబ్బు పోదని కాదు. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయారు. ఖాతాదారులు తమ కాయిన్లు కదిలించలేక ఏడాదికి పైగా ఎదురుచూశారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2025 జూలైలో, కాయిన్‌డీసీఎక్స్ సొంత నిర్వహణ ఖాతా నుంచి 4.4 కోట్ల డాలర్లు పోయాయి. ఖాతాదారుల సొమ్ముకు నష్టం లేదని, తామే భరిస్తామని ఆ సంస్థ చెప్పింది. రోడ్డు మీద పోగొట్టుకుంటే మీకు తిండి కష్టమయ్యే డబ్బును ఎక్స్ఛేంజ్‌లోనూ సొంత వాలెట్‌లోనూ పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పల్లికాయ పైసలు తర్వాతి విత్తనం పైసలు కూడా.

స్టేషన్‌లో బల్ల మీద మీ కాగితాలు పరుస్తారు. తెలంగాణలో ప్రతి స్టేషన్‌కూ ఈ పనిలో శిక్షణ పొందిన సైబర్ వారియర్ అని ఒకరుంటారు. ఆయన కోసం అడగండి. చెప్పేటప్పుడు రెండు దొంగతనాలను విడగొట్టి చెప్పండి. యూటీఆర్‌తో బ్యాంకు ద్వారా పోయిన అరవై వేలు ఒకటి. అరవై నాలుగు అక్షరాల సంఖ్యతో గొలుసు మీద పోయిన నాలుగు వేల యూఎస్‌డీటీ ఇంకొకటి. కలిపి “నాలుగు లక్షలు పోయినయ్ సార్” అంటే రెండో భాగం కాగితం మీదికి ఎక్కకుండా పోవచ్చు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, ఐటీ చట్టం 66డీ సెక్షన్ ఇలాంటి మోసాలకు వర్తిస్తాయి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, తీసుకోండి. బ్యాంకులో ఆగిన డబ్బు మీకు తిరిగి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి ఇలా తిరిగి ఇప్పిస్తున్నారు. అక్కడ నిలబడాలన్నా కాగితాలు సరిగ్గా ఉండాలి.

బయటికి వచ్చేసరికి ఫోన్‌లో కొత్త మెసేజ్. “మీ యూఎస్‌డీటీ పోయిందా? మేము రికవరీ ఎక్స్‌పర్ట్స్. ముందు పదివేలు మాత్రమే.” మీరు ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, మరి వీళ్లకెట్లా తెలిసింది? దోచినవాళ్లే బాధితుల జాబితాలు అమ్ముకుంటారు, లేదా వాళ్లే ఇంకో పేరుతో వస్తారు. గొలుసు మీద పోయిన కాయిన్‌ను హ్యాక్ చేసి వెనక్కి తెచ్చే మనిషి లేడు. ఈ మెసేజ్‌ను కూడా స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ చేయండి.

మధ్యాహ్నం బ్యాంకు నుంచి కబురు. అరవైలో నలభై ఒక్క వేలు అవతలి ఖాతాలో ఆగిపోయాయి. మిగతా పంతొమ్మిది వేలు మీ కాల్‌కు ముందే దాటిపోయాయి. నాలుగు వేల డాలర్ల మాట ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ మీ భార్య మొదటిసారి నోరు విప్పింది.

“మా చెల్లె మొగనికి జెప్పినవా?”

మీరు చెప్పలేదు. కోపంతో కొంత. వాడే కదా దింపింది అని. సిగ్గుతో ఇంకొంత. చెబితే ఊరంతా తెలుస్తుందని, పంచాయితీలో మీ మాట చులకనవుతుందని. ఈ మోసాలు బతికేది ఆ సిగ్గు మీదనే. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ వ్యవహారం బయటపడినప్పుడు ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు కూడా అందులో మనుషుల్ని చేర్పించినట్టు తేలింది. సారు చెప్పాడు కదా, బావ చెప్పాడు కదా అని చేరినవాళ్లే ఎక్కువ. చేర్పించినవాళ్లలో కొందరికి అది మోసమని తెలుసు, కమీషన్ కోసం నోరు మూసుకున్నారు. ఇంకొందరు తమ డబ్బు కూడా అందులోనే పెట్టుకుని, రోజూ పడే పది డాలర్లను నమ్ముకుని కూర్చున్నారు. మీ షడ్డకుడు ఏ రకమో మీకు తెలియదు. కానీ వాడి వాలెట్‌లో ఇంకా డబ్బు ఉందని తెలుసు. మొన్ననే అప్పు తెచ్చి ఏడు వేల డాలర్లు వేశానన్నాడు.

అన్నం పళ్లెం పక్కకు జరిపి ఫోన్ కలుపుతారు.

“ఏందే అన్నా, పొద్దుగాల్నుంచి ఫోన్ ఎత్తుతలేవు?”

“నా పైసలన్నీ పోయినయ్‌ర. స్టేషన్‌ల కేసు పెట్టి వచ్చిన. నీయి ఉన్నయా, పోయినయా? ఫోన్ తెర్చి సూడు.”

అవతల చాలాసేపు మాట లేదు.

“ఉన్నయే. ఏడు వేల రెండొందలు. గానీ మేడం ఏమన్నదంటే…”

“మేడం ముచ్చట ఇడిసిపెట్టు. గా గ్రూపుల ఏం రాయకు. వాలెట్ల టీఆర్‌ఎక్స్ ఉన్నదా ఫీజుకు?”

“జరంత ఉన్నది.”

“సరే. నా అల్లుడు లైన్‌ల కొస్తడు. మీ పిల్లగాని ఫోన్ తీస్కో, నీది గాదు. అండ్ల కొత్త వాలెట్ తెరువు. గా పన్నెండు మాటలు కాగితం మీద రాస్కో, నాకు గూడ జదవకు. ముందుగాల పైసలు అండ్లకు మార్చు. అప్రూవల్ తర్వాత తీసేద్దాం.”

“ఎంత సేపు పడ్తదన్నా?”

“నువ్వు ముందు మీ పిల్లగాన్ని పిలు.”